మూడో సెట్ వచ్చేసరికి పాస్ చెదిరిపోతోంది – స్కూల్ పిల్లలకు బలం కసరత్తులు ఎలా మొదలుపెట్టాలి?

సరూర్‌నగర్_పీఈటీ
జూన్ 24, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. సరూర్‌నగర్ దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో పీఈటీగా, అంటే వ్యాయామం టీచర్‌గా చేస్తున్నాను. ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లలు పద్నాలుగు మంది వాలీబాల్‌కి వస్తున్నారు. తొమ్మిది మంది అండర్-14, మిగతావాళ్ళు అండర్-17. ఆగస్టులో పోటీలు మొదలవుతాయి. బడి తెరిచిన ఈ వారాల్లోనే ఒక దారి వేసుకోవాలని అడుగుతున్నాను.

మొదటి సెట్‌లో మా పిల్లల అండర్‌హ్యాండ్ పాస్ (రెండు ముంజేతులు కలిపి బాల్‌ని లేపి అందించడం) ముచ్చటగా ఉంటుంది. సర్వీస్ అందుకుంటే బాల్ నేరుగా లిఫ్టర్ (షూట్ కొట్టేవాళ్ళకి బాల్ లేపి ఇచ్చే పిల్ల) నెత్తి మీదికి వెళ్తుంది. రెండో సెట్ సగం దాటాక అదే పిల్ల, అదే సర్వీస్, కానీ బాల్ చేతికి తగిలి వెనక్కి పోతుంది, లేదంటే నెట్ దాటి అవతలివాళ్ళకి ఉచితంగా దొరుకుతుంది. మూడో సెట్ ఆడాల్సి వస్తే ఇక చెప్పక్కర్లేదు.

నిన్న ఒక అమ్మాయిని పక్కనుంచి ఫోన్‌లో తీశాను. మొదటి సెట్‌లో మోకాళ్ళు వంగి ఉన్నాయి, పిర్రలు కిందికి ఉన్నాయి, చేతులు తొడల ముందు సిద్ధంగా ఉన్నాయి. మూడో సెట్‌లో నిటారుగా నిలబడిపోయింది. బాల్ దగ్గరికొచ్చాక నడుము దగ్గర మాత్రమే వంగి, చేతులు పైకి ఊపుతోంది. పిల్లకి పాస్ రాక కాదు, కిందికి కూర్చునే ఓపిక అయిపోయింది. నాకు అనిపించింది ఇదే.

మాకు జిమ్ లేదు. ఒక నెట్, ఐదు బాల్స్, ఒక పొడవాటి వరండా, మెట్లు ఉన్నాయి. వారంలో మూడు రోజులు సాయంత్రం గంటసేపు దొరుకుతుంది. గోడకుర్చీ లాంటివి చేయిస్తే పాస్‌కి నిజంగా పనికొస్తుందా? చేయించినవాళ్ళు చెప్పండి.

—

విక్టరీగ్రౌండ్_సీనియర్
జూన్ 24, రాత్రి 10:30

సార్, వీడియో తీసి కాళ్ళు చూశారు చూడండి, అందుకు మీకు నమస్కారం. మనలో చాలామంది పాస్ చెడితే చేతుల్నే చూస్తాం. "చేతులు కలుపు, మోచేతులు బిగించు" అని అరుస్తాం. చాదర్‌ఘాట్ విక్టరీ ప్లేగ్రౌండ్‌లో నేను నేర్చుకున్న రోజుల్లో మా గురువుగారు బాల్ ఇచ్చేవారే కాదు మొదట. కోర్టు ఈ లైన్ నుంచి ఆ లైన్ దాకా కూర్చున్న భంగిమలోనే పక్కకి అడుగులు వేయించేవారు. తల పైకి లేస్తే మళ్ళీ మొదటినుంచి.

బాల్ బరువు 260 నుంచి 280 గ్రాములు. దాన్ని ఐదారు మీటర్లు పంపడానికి ఎనిమిదో తరగతి పిల్ల చేతుల్లో ఉన్న బలం బోలెడు. పైగా గట్టి సర్వీస్ అయితే బాల్ తన వేగం తానే తెచ్చుకుంటుంది, మనం పలకలాగా చేతులు అడ్డం పెట్టి దాని దారి మార్చడమే. కష్టం అంతా అంతకుముందు ఉంది. సర్వీస్ ఎటు వస్తుందో పట్టుకోవాలి, రెండు అడుగులు వేయాలి, ఆగాలి, బాల్ కంటే కిందికి వెళ్ళాలి, భుజాలు లిఫ్టర్ వైపు తిప్పాలి. ఇందులో "ఆగడం" అన్నదానికి చాలా బలం కావాలి. పరుగెత్తే పిల్లలు దొరుకుతారు. పరుగెత్తి ఒక్కసారిగా ఆగి, కూర్చుని, వణక్కుండా ఉండేవాళ్ళు దొరకరు. తొడల్లో, పిర్రల్లో బలం లేకపోతే పిల్ల ఇంకా కదులుతూనే బాల్ తాకుతుంది. అలాంటి పాస్ ఎటు పోతుందో దేవుడికే తెలియాలి.

ఫ్లోటర్ సర్వీస్ వస్తే మరీ. తిరగకుండా వచ్చే బాల్ చివరి క్షణంలో ఊగుతుంది, జారుతుంది. నిటారుగా ఉన్నవాళ్ళు దాన్ని సరిచేసుకోలేరు. కింద ఉన్నవాళ్ళు ఒక్క చిన్న అడుగుతో సరిచేసుకుంటారు.

కాబట్టి కసరత్తు చేయించండి, తప్పకుండా చేయించండి. కానీ బాల్ టైమ్ కోసి మాత్రం ఇవ్వకండి.

—

ఉస్మానియా_ఎంపీఈడీ
జూన్ 24, రాత్రి 11:15

సార్, నేను ఎంపీఈడీ (వ్యాయామ విద్యలో పీజీ) రెండో సంవత్సరం. ఇదే అంశం మీద డిసర్టేషన్ చేద్దామనుకుంటున్నాను, స్కూల్ పిల్లల్లో బలం శిక్షణ ఇస్తే పాసింగ్ ఎంత మెరుగవుతుంది అని. నా ఆలోచన చెప్తాను, తప్పుంటే దిద్దండి. పుషప్స్, డంబెల్ కర్ల్స్, మణికట్టు కసరత్తులు, బెంచ్ ప్రెస్, స్క్వాట్, వారానికి మూడు రోజులు, 12 వారాలు. ముంజేతులు బలపడితే ప్లాట్‌ఫామ్ (పలకలా కలిపి పెట్టిన చేతులు) గట్టిగా ఉంటుంది కదా, బాల్ దెబ్బకి చేతులు విడిపోవు.

—

విక్టరీగ్రౌండ్_సీనియర్
జూన్ 25, ఉదయం 6:05

తమ్ముడూ, చేతులు విడిపోయేది బలం లేక కాదు, పట్టు తెలియక. ఒక పిడికిలిని రెండో అరచేతిలో పెట్టి, రెండు బొటనవేళ్ళు పక్కపక్కన సమానంగా ఉంచి, మణికట్లు కిందికి వంచమను. మోచేతులు వాటంతటవే బిగుస్తాయి. కర్ల్స్ చేసి చేతులు లాగేస్తుంటే పాస్ ఇస్తే స్పర్శ పోతుంది. నేను స్వయంగా చూశాను. ముందురోజు పుషప్స్ దంచి వచ్చిన కుర్రాళ్ళ బాల్స్ అన్నీ పక్క కోర్టులో పడ్డాయి.

—

తార్నాక_ఫిజియో
జూన్ 25, మధ్యాహ్నం 1:20

మంచి చర్చ. నేను ఫిజియోథెరపిస్ట్‌ని, స్కూల్ వయసు ఆటగాళ్ళు చాలామంది వస్తుంటారు. సీనియర్ గారు చెప్పినదానికి శరీరం వైపు నుంచి కొంత కలుపుతాను.

పాస్‌లో మూడు చోట్ల బలం పనిచేస్తుంది. ఒకటి, తొడ ముందు కండరాలు, పిర్రలు. ఇవి కిందికి దిగేటప్పుడు బ్రేక్ వేస్తాయి, దిగాక పట్టి ఉంచుతాయి. రెండు, నడుము చుట్టూ ఉన్న కండరాలు. ఇవి బిగువుగా లేకపోతే కాళ్ళనుంచి వచ్చిన తోపు చేతులదాకా చేరదు, మధ్యలోనే ఊగిపోతుంది. మూడు, భుజం రెక్కల ఎముక చుట్టూ ఉన్నవి. చేతులు ముందుకి చాపి పలక పట్టుకున్నప్పుడు ఆ రెక్కల్ని కదలకుండా పట్టేవి ఇవే. అందుకే ఎంపీఈడీ తమ్ముడు చెప్పిన కర్ల్స్ కంటే వెనక్కి లాగే కసరత్తులు మేలు. కిటికీ ఊచకి పాత సైకిల్ ట్యూబ్ కట్టి, రెండు చేతులతో ఛాతీ వైపు లాగమంటే చాలు.

ఎంత చేయించాలి? మొదట ఏ బరువూ లేకుండా, తన ఒంటి బరువుతోనే. ఒకటి లేదా రెండు సెట్లు, 8 నుంచి 15 సార్లు. వారంలో రెండు లేదా మూడు రోజులు, మధ్యలో ఒక రోజు ఖాళీ. భంగిమ చెడకుండా 15 వచ్చాకే కొంచెం కష్టం పెంచాలి, బరువైతే ఒక్కసారికి 5 నుంచి 10 శాతం మించకుండా. 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకు వారంలో కనీసం మూడు రోజులు కండరాలు, ఎముకలు బలపడే పనులు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తోంది. కాబట్టి ఇది ఆటగాళ్ళకి మాత్రమే కావాల్సిన అదనపు పని కాదు.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. ఈ వయసులో ఎముకలు గబగబా పెరుగుతాయి, అమ్మాయిలకి దాదాపు 12 ఏళ్ళప్పుడు, అబ్బాయిలకి 14 అప్పుడు ఆ వేగం ఎక్కువ. మోకాలి చిప్పకి కొంచెం కింద ఎముక బుడిపెలా ఉబ్బి, నొక్కితే నొప్పి అంటే అది ఆస్‌గుడ్-ష్లాటర్ కావచ్చు. తొడ కండరం ఆ చోటునే లాగుతూ ఉంటుంది. ఆ పిల్లకి గెంతడాలు, లోతుగా కూర్చోవడాలు తగ్గించి, మాకు చూపించండి. "నొప్పి ఉంటేనే బలం వస్తుంది" అనే మాట పిల్లల దగ్గర వాడకండి.

—

మల్కాజ్‌గిరి_అమ్మ
జూన్ 25, రాత్రి 8:50

నమస్తే. మా పాప ఏడో తరగతి, ఈమధ్యే స్కూల్ టీమ్‌లో చేరింది. ఇదంతా చదువుతుంటే భయంగా ఉంది. చిన్నప్పుడే బరువులు ఎత్తితే పొడుగు పెరగరు అంటారు కదా? మా అత్తగారు అదే మాట మీద ఉన్నారు. ఆడపిల్లకి చేతులు, తొడలు లావైపోతాయి అని కూడా అంటున్నారు. ఏం చెప్పాలో తెలియట్లేదు.

—

తార్నాక_ఫిజియో
జూన్ 25, రాత్రి 9:35

అక్కా, ఈ అనుమానం చాలా ఇళ్ళల్లో ఉంది. దగ్గరుండి చూసేవాళ్ళు ఉండి, సరైన పద్ధతిలో చేస్తే బలం కసరత్తుల వల్ల ఎత్తు ఆగదు. అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం కూడా ఇదే చెప్పింది. దెబ్బలు తగిలేది ఎక్కడంటే, ఎవరూ చూడనప్పుడు పిల్లలు పందెం వేసుకుని తాహతుకి మించి ఎత్తినప్పుడు.

లావు సంగతి. ఈ వయసు పిల్లల్లో మొదట పెరిగేది కండ కాదు. ఉన్న కండరాన్ని నరాలు ఒకేసారి, ఎక్కువగా పని చేయించడం నేర్చుకుంటాయి. చేతులు అలాగే ఉంటాయి, పని మాత్రం బాగా చేస్తాయి. అత్తగారికి ఒక మాట చెప్పండి. వాళ్ళ కాలంలో ఈ వయసుకే బిందెలతో నీళ్ళు మోశారు, రోట్లో పప్పు రుబ్బారు. మనం ఇప్పుడు పిల్లలకి అందులో కాస్త వంతు తిరిగి ఇస్తున్నాం.

—

తాలీమ్_పురానాపూల్
జూన్ 26, ఉదయం 7:10

అన్నలందరికీ నమస్తే. నేను వాలీబాల్ ప్లేయర్‌ని కాను, చిన్నప్పటిసంది తాలీమ్‌ల, అంటే కుస్తీ కసరత్తుశాలల పెరిగినోన్ని. మా దగ్గర బస్కీలు, దండీలే అసలు చదువు. మీరు స్క్వాట్ అంటున్నది మాకు బస్కీనే, పుషప్ లాంటిది దండీ. ఒక్కటి చెప్తా వినుండ్రి. మా ఉస్తాద్ కొత్త పోరగాల్లకు లెక్క చెప్పకపోయేది, శ్వాస చెప్పేది. కిందికి పోయేటప్పుడు ముక్కుతోని మెల్లగ పీల్చాలె, లేచేటప్పుడు వదలాలె. శ్వాస చెడిందంటే ఆ దినం అక్కడికే ఆపుమనేటోడు, పది అయినా సరే, రెండే అయినా సరే.

లెక్క పెట్టిస్తే పిల్లలు దొంగ బస్కీలు చేస్తరు. సగం దిగి లేస్తరు. శ్వాస చూస్తే మోసం చేయనీకి ఉండదు.

ఇంకోటి, బస్కీల మడిమలు లేస్తయి. వాలీబాల్ పిల్లలకు మొదట మడిమ నేలకు ఆనిచ్చే చేయించుండ్రి, మోకాలుకు ఇబ్బంది తక్కువ. వంద, రెండొందలు అని పెద్దోల్లు చెప్పే లెక్కలు పిల్లల మీద పెట్టకుండ్రి.

—

మియాపూర్_నాన్న
జూన్ 26, రాత్రి 10:02

పిల్లల మీద పెద్దల లెక్కలు అన్నారు కాబట్టి మా ఇంట్లో జరిగింది చెప్పాలి. మా వాడికి అప్పుడు పదమూడేళ్ళు. షూట్ (నెట్ మీదుగా బాల్‌ని బలంగా కిందికి కొట్టడం) బాగా కొడతాడని పేరు. ఒక ప్రైవేట్ అకాడమీలో చేర్చాను. మూడో వారంలోనే భుజాల మీద బార్‌బెల్ పెట్టారు. ఒకరి మీద ఒకరిని ఎక్కించుకుని గ్రౌండ్ చుట్టూ పరుగెత్తించారు. అది సిమెంట్ కోర్టు. వాడు ఇంటికొచ్చి మెట్లు దిగేటప్పుడు పక్కకి తిరిగి ఒక్కో మెట్టూ దిగేవాడు. అలసట అనుకున్నాను. నాకు అంతకంటే తెలియలేదు. నెల రోజులకి మోకాలి కింద గోలీకాయంత ఉబ్బింది. ఫిజియో గారు రాసిందే, అదే పేరు చెప్పారు డాక్టర్. నాలుగు నెలలు ఆట లేదు.

ఇప్పుడు పదహారు. ఆడుతున్నాడు, బాగానే ఉన్నాడు. కానీ ఆ నాలుగు నెలలు వాడు బాల్ మంచం కింద పెట్టుకుని పడుకున్నాడు. దయచేసి పీఈటీలు, కోచ్‌లు, పిల్లలు మెట్లు ఎలా దిగుతున్నారో ఒక్కసారి చూడండి. వాళ్ళు నొప్పి అని నోటితో చెప్పరు, టీమ్‌లోంచి తీసేస్తారని భయం.

—

సరూర్‌నగర్_పీఈటీ
జూన్ 29, రాత్రి 9:15

మియాపూర్ సార్, మీ పోస్టు చదివి మరుసటి రోజే పిల్లలందర్నీ మా రెండో అంతస్తు నుంచి ఒక్కొక్కరిగా దిగమని చూశాను. ఒక అమ్మాయి రెయిలింగ్ పట్టుకుని దిగింది. అడిగితే "ఏం లేదు సార్" అంది. మోకాలి కింద నొక్కి చూస్తే ముఖం ముడుచుకుంది. వాళ్ళమ్మతో మాట్లాడాను, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నారు. అంతవరకూ ఆ అమ్మాయికి స్కోర్ రాసే పని, కూర్చుని ట్యూబ్ లాగే పని ఇచ్చాను.

ఇక ఈ వారం ఏం జరిగిందంటే. సోమవారం వరండాలో అందర్నీ గోడకి ఆనించి గోడకుర్చీ వేయమన్నాను. నలుగురు వేశారు. మిగతావాళ్ళు ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. చివర నిలబడ్డ పిల్ల మెల్లగా అడిగింది, "సార్, మేమేం తప్పు చేశాం?" అని.

నాకు నోట మాట రాలేదు. నిజమే కదా. గోడకుర్చీ, గుంజీళ్ళు, మోకాళ్ళ మీద నిలబడటం, ఇవన్నీ మన బళ్ళలో శిక్షలు. హోంవర్క్ చేయకపోతే గోడకుర్చీ. నేనే వేయించాను, ఎన్నోసార్లు. ఇప్పుడు అదే పనిని "ఇది నీ ఆటకి మంచిది" అంటే వాళ్ళ ఒళ్ళు నమ్మదు. అప్పుడు నేను కూడా వాళ్ళ పక్కనే గోడకి వీపు ఆనించి కూర్చున్నాను. నాకు ముప్పై సెకన్లకే తొడలు వణికాయి. పిల్లలు చూసి తాము కూడా దిగారు. ఆ రోజు నుంచి మా బళ్ళో ఎవరికీ కసరత్తుని శిక్షగా వేయనని హెచ్‌ఎం మేడమ్‌కి చెప్పాను, లెక్కల సార్‌ని కూడా అడిగాను. ఆయన ఒప్పుకున్నారు.

మీరంతా చెప్పినవి కలిపి ఇలా పెట్టుకున్నాను. సోమ, బుధ, శుక్ర. పది నిమిషాలు ఒళ్ళు వేడెక్కడం, ముప్పై నిమిషాలు బాల్, చివరి ఇరవై నిమిషాలు బలం. బస్కీలు శ్వాస చూసుకుంటూ. మెట్ల మీద ఒక కాలితో ఎక్కి మెల్లగా దిగడం. పక్కకి పెద్ద అడుగు వేసి కూర్చుని ఆగడం. ప్లాంక్ (ముంజేతులు, కాలి వేళ్ళ మీద ఒళ్ళు నిటారుగా పట్టి ఉండటం) ఇరవై సెకన్ల నుంచి. బెంచీ మీద చేతులు పెట్టి పుషప్స్ ఒక్క సెట్టే. కిటికీకి కట్టిన ట్యూబ్ లాగడం. వాన పడితే బాల్ ఉండదు కాబట్టి వరండాలో ఇవే కాస్త ఎక్కువ. సీనియర్ గారూ, గోడకుర్చీ ఉంచమంటారా, తీసేయమంటారా?

—

విక్టరీగ్రౌండ్_సీనియర్
జూన్ 30, ఉదయం 5:50

రెండు వారాలు ఉంచి తీసేయండి సార్. గోడ వీపుని మోస్తుంది, బరువు మడిమల మీదికి పోతుంది. పాస్ ఇచ్చేటప్పుడు వీపుకి ఏ గోడా ఉండదు, బరువు పాదం ముందు భాగంలో ఉండాలి. తొడలు ఓర్చుకోవడం గోడకుర్చీతో మొదలవుతుంది, అంతే. తర్వాత అదే లోతులో గోడ వదిలేసి నిలబడనివ్వండి, చేతులు పలకలా చాపి. ఎదురుగా ఇంకో పిల్ల నేలమీద బాల్ కుడికీ ఎడమకీ దొర్లిస్తే, తల లేవకుండా పక్కకి అడుగులేసి ఆపి తిరిగి దొర్లించాలి. కసరత్తు అక్కడ ఆటలో కలుస్తుంది.

శుక్రవారం మాత్రం బలం అయిపోయాక, కాళ్ళు అలసిపోయి ఉన్నప్పుడే, ఒక్కొక్కరికి పది సర్వీసులు అందించండి. పదే. అలసిన కాళ్ళతో కిందికి ఉండటం వాళ్ళకి అలవాటు కావాలి, మీ మూడో సెట్ అదే కదా. మిగతా రోజులు బాల్ ముందే, తాజా కాళ్ళతో.

మీరు వాళ్ళ పక్కన గోడకి కూర్చున్న సంగతి చదివి కళ్ళు చెమర్చాయి.

—

బోయిన్‌పల్లి_లిఫ్టర్
జూన్ 30, రాత్రి 8:20

మెడిసిన్ బాల్ (కసరత్తుకి వాడే బరువైన బంతి) కొనలేనివాళ్ళకి. పాత వాలీబాల్ తోలు కోసి బ్లాడర్ తీసి నింపి కుట్టుకోవచ్చు. కానీ మొత్తం ఇసుకతో నింపకండి. నేను అలా చేసి తూచాను, ఏడు కిలోలు దాటింది. పెద్దవాళ్ళకే మణికట్టు లాగుతుంది. గుడ్డ పేలికలు కూరి, మధ్యలో కొంచెం ఇసుకని ప్లాస్టిక్ కవర్లో కట్టి పెట్టండి. మొత్తం కిలో, కిలోన్నర వచ్చేలా తూచుకోండి. కిందికి కూర్చుని రెండు చేతులతో ఛాతీ దగ్గరినుంచి తోసి లేవడం, దీనికి బాగుంటుంది. దీన్ని ముంజేతులతో పాస్ మాత్రం చేయించొద్దు, చేతులు కమిలిపోతాయి, పైగా అసలు బాల్ అంచనా తప్పుతుంది.

—

సరూర్‌నగర్_పీఈటీ
జూలై 12, రాత్రి 9:30

ఒక అనుమానం. ఇద్దరు అమ్మాయిలు బస్కీలు ఐదారు చేసేసరికే ఆయాసపడి కూర్చుంటున్నారు. తల తిరుగుతోంది అంటారు. బద్ధకం కాదు, చేయాలన్న ఆశ ముఖంలో కనిపిస్తుంది. ఇద్దరూ ఉదయం టీ తాగి వస్తారట, అంతే.

—

పీహెచ్‌సీ_సిస్టర్
జూలై 12, రాత్రి 10:10

సార్, ముందు రక్తం చూపించండి. 12 ఏళ్ళు దాటిన అమ్మాయికి హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత కిందే లెక్క. మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. అంటే మీ జట్టులో ఇద్దరే అనుకోవద్దు, అందరికీ చేయించండి. పీహెచ్‌సీలో ఉచితమే.

బళ్ళో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర చాలామంది పిల్లలు జేబులో వేసుకుని బయట పారేస్తారు, వికారం వస్తుందని. అన్నం తిన్నాక మీ కళ్ళముందే మింగించండి. తక్కువ ఉన్నవాళ్ళకి ఎంత వాడాలో డాక్టర్ చెప్తారు, వారం మాత్ర ఒక్కటే సరిపోదు. టీ మాత్రం అన్నంతోపాటు, మాత్రతోపాటు వద్దు, ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. నిమ్మకాయ, జామకాయ, ఉసిరికాయ ఉంటే బాగా పడుతుంది. సాయంత్రం ప్రాక్టీసుకి ముందు పల్లీ పట్టీ ఒకటి ఇచ్చినా మంచిదే. ఖాళీ కడుపుతో వచ్చిన పిల్లతో కసరత్తు చేయించకండి సార్, ఆ రోజు వదిలేయండి.

నెలసరి రోజుల గురించి కూడా ఒక మాట. అడగడానికి మీకు ఇబ్బందిగా ఉంటే ఒక మేడమ్‌ని దగ్గర ఉంచండి. చేయగలిగితే చేస్తారు, లేకపోతే లేదు. పిల్ల కారణం చెప్పుకోవాల్సిన అవసరం లేకుండా ఉండాలి.

—

ఉస్మానియా_ఎంపీఈడీ
జూలై 14, రాత్రి 11:00

సీనియర్ సార్, ఫిజియో సార్ చెప్పినదాన్నిబట్టి నా ప్రణాళిక మార్చాను. బెంచ్ ప్రెస్, కర్ల్స్ తీసేశాను. రెండు గుంపులు చేస్తున్నాను, ఒక దానికి బలం శిక్షణ, ఒక దానికి లేదు. పాసింగ్ కొలవడానికి గోడకేసి ఒక నిమిషంలో ఎన్నిసార్లు అండర్‌హ్యాండ్ పాస్ చేస్తారో లెక్కపెడదామని. ఇది సరిపోతుందా?

—

విక్టరీగ్రౌండ్_సీనియర్
జూలై 15, ఉదయం 6:00

గోడ టెస్ట్ పెట్టు, కానీ దాన్నే నమ్ముకోకు. గోడ బాల్‌ని తిరిగి మన దగ్గరికే పంపుతుంది. ఆటలో ఎవరూ అంత దయ చూపరు. లయ ఉన్న పిల్ల ఉన్నచోటే నిలబడి యాభై కొట్టేస్తుంది, అదే పిల్ల సర్వీస్‌కి రెండు అడుగులు పక్కకి వేయలేదు.

నెట్ అవతలినుంచి సర్వీస్ కొట్టించు. పాస్‌కి మార్కులు వెయ్యి. లిఫ్టర్ కదలకుండా ఎటైనా లిఫ్ట్ చేయగలిగితే 3. రెండు మూడు అడుగులు వేసి చేస్తే 2. ఎలాగో ఒకలా అవతలికి పంపాల్సి వస్తే 1. పోతే 0. కోచ్‌లు ఎప్పట్నుంచో వాడే లెక్క ఇది. మొదటి పది సర్వీసులకి విడిగా, బాగా అలసిపోయాక పదింటికి విడిగా వెయ్యి. నువ్వు పట్టుకోవాల్సింది ఆ రెంటి మధ్య తేడా.

ఇంకోటి, బలం గుంపుకి ఇరవై నిమిషాలు ఎక్కువిస్తే, రెండో గుంపుకి కూడా ఆ ఇరవై నిమిషాలు వేరే పని ఏదైనా ఇవ్వాలి. లేకపోతే మెరుగైంది బలం వల్లో, ఎక్కువసేపు గ్రౌండ్‌లో ఉండటం వల్లో నీకు తెలియదు.

—

ఉస్మానియా_ఎంపీఈడీ
జూలై 15, ఉదయం 9:20

రెండోది నాకు తట్టనే లేదు సార్. ధన్యవాదాలు. గైడ్‌తో మాట్లాడి మారుస్తాను.

—

మల్కాజ్‌గిరి_అమ్మ
జూలై 28, రాత్రి 9:00

మా అత్తగారికి బిందెల మాట చెప్పాను. ఆవిడే ఇప్పుడు మా పాపకి బస్కీలు ఎలా తీయాలో చూపిస్తున్నారు. తన తమ్ముడు తీసేవాడట.

—

సరూర్‌నగర్_పీఈటీ
ఆగస్టు 23, రాత్రి 10:15

ఆలస్యంగా రాస్తున్నాను. బోనాలకి వారం పైగా సగం మంది రాలేదు, వానలకి ఇంకో వారం కోర్టు బురదే. ఎనిమిది వారాల్లో నిజంగా చేసింది పదిహేడు రోజులు. అయినా ఉన్నది ఉన్నట్టు చెప్తాను.

జోనల్స్‌లో (జోన్ స్థాయి స్కూల్ పోటీల్లో) రెండో మ్యాచ్‌లో ఓడిపోయాం. మూడు సెట్లూ ఆడి ఓడిపోయాం. జూన్‌లో వీడియో తీసిన అమ్మాయినే మళ్ళీ అదే కోణంలో తీశాను. మూడో సెట్‌లో స్కోరు 11-12 దగ్గర సర్వీస్ ఆమె ఎడమ పక్కకి వచ్చింది. రెండు అడుగులు వేసింది, ఆగింది, మోకాళ్ళు వంగే ఉన్నాయి, తల లేవలేదు. పాస్ లిఫ్టర్‌కి ఒక అడుగు పక్కగా వెళ్ళింది, ఎందుకంటే లిఫ్టర్ వైపు ఉన్న భుజం ఇంకొంచెం కిందికి వంచాలి. అది నేను నేర్పించాల్సింది, ఆ అమ్మాయి కాళ్ళ తప్పు కాదు. ఆ క్లిప్ ఇరవై సార్లు చూసుంటాను.

అందరూ అలా లేరు. ముగ్గురు బాగా మారారు, ఐదారుగురు కొంత, మిగతావాళ్ళలో నాకు తేడా కనపడలేదు. ఇందులో కసరత్తు వాటా ఎంత, వీళ్ళు బాల్ పట్టుకోవడం వాటా ఎంత అంటే నేను విడదీసి చెప్పలేను, సీనియర్ గారు తమ్ముడికి చెప్పినట్టే. ఆయాసపడే ఇద్దరిలో ఒకమ్మాయికి హిమోగ్లోబిన్ 9 ఉంది. మందులు వాడుతోంది, ఇప్పుడు టీకి బదులు రెండు ఇడ్లీలు తిని వస్తోంది. ఆ మోకాలి అమ్మాయి వచ్చే నెల కోర్టులోకి దిగొచ్చన్నారు డాక్టర్.

మొన్న సాయంత్రం ఆరో తరగతి పిల్లలు వరండాలో వాళ్ళంతట వాళ్ళే గోడకి వరసగా కూర్చుని, ఎవరు ఎక్కువసేపు ఉంటారో ఒకడు గట్టిగా లెక్కపెడుతున్నాడు. ఎవరూ వాళ్ళని శిక్షించలేదు. వాళ్ళని కూడా సాయంత్రానికి రమ్మన్నాను.

సైకిల్ ట్యూబులు ఇంకో ఆరు కావాలి. కొత్తపేట వైపు పంక్చర్ షాపతను పాతవి ఊరికే ఇస్తానన్నాడు, రేపు వెళ్ళి తెచ్చుకోవాలి. సీనియర్ గారూ, ఆ భుజం సంగతి ఎలా నేర్పాలో వీలున్నప్పుడు రాయండి.

—

విక్టరీగ్రౌండ్_సీనియర్
ఆగస్టు 24, ఉదయం 5:45

రాయడం ఎందుకు, ఆదివారం నేనే వస్తాను. ఏడింటికి పిల్లల్ని రమ్మనండి, ఏమైనా తినిపించి.